ఊరిదాకా వచ్చిన బస్సు

"మీ ఊరికి బస్సుందా?" అని ఎవరన్నా అడిగితే ఉందనే చెబుతాం. సర్కారు లెక్కల్లో కూడా ఉందనే రాసి ఉంటది. కాని ఆ బస్సు ఎక్కడిదాకా వస్తుంది? పంచాయతీ ఆఫీసు ముందరికో, రచ్చబండ కాడికో, సొసైటీ గోదాం పక్కకో వచ్చి, తిప్పుకొని వెళ్లిపోతుంది. అక్కడినుంచి మాలపల్లెకో మాదిగవాడకో పోవాలంటే ఇంకో అర కిలోమీటరు నడవాలి. బస్సు ఊరికి వచ్చింది, వాడకు రాలేదు. అయినా రెండూ ఒకే గ్రామం పేరు మీద ఉండబట్టి, వాడకు రాని బస్సు కూడా వాడ ఖాతాలో జమ అయిపోతుంది. ఏ జిల్లాలో ప్రజా రవాణా బాగుంది, ఏ రాష్ట్రంలో బాగాలేదు అని పోల్చి చెప్పే లెక్కలన్నిటికీ అడుగున ఈ చిన్న మోసం ఉంది. ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చర్చించదలచుకున్నది ఆ అర కిలోమీటరు గురించే.

లెక్క ఎట్లా తయారవుతుందో మొదట చూద్దాం. జనాభా లెక్కల శాఖ ప్రతి గ్రామానికీ సౌకర్యాల పట్టిక ఒకటి తయారు చేస్తుంది. అందులో బడి, ఆసుపత్రి, పోస్టాఫీసులతోపాటు బస్సు కూడా ఉంటుంది. గ్రామంలో బస్సు ఉంటే ఉందని రాస్తారు, లేకపోతే ఎంత దూరంలో ఉందో - 5 కిలోమీటర్ల లోపా, 5 నుంచి 10 లోపా, 10 దాటా - రాస్తారు. ఇక్కడ గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. దాని హద్దులో ఎక్కడ బస్సు ఆగినా గ్రామమంతటికీ బస్సున్నట్టే. వాడ ఏ మూల ఉందో అడిగే గడి ఆ పట్టికలో లేదు.

2000 డిసెంబర్ 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన దీనికంటే ఒక అడుగు ముందుకు వేసింది. అది గ్రామాన్ని కాక ఆవాసాన్ని లెక్కలోకి తీసుకుంది. 2001 జనాభా లెక్కల ప్రకారం మైదాన ప్రాంతాల్లో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసాలకు రోడ్డు వెయ్యాలన్నది లక్ష్యం. దళితవాడ కూడా ఒక ఆవాసమే కదా, ఇక దానికీ రోడ్డు వస్తుందనుకుంటాం. కాని నిబంధనల్లో ఇంకో మాట ఉంది. మైదాన ప్రాంతంలో ఒక ఆవాసం అన్ని కాలాలకూ పనికొచ్చే రోడ్డుకుగాని, అట్లాంటి రోడ్డున్న మరో ఆవాసానికిగాని 500 మీటర్ల లోపు ఉంటే దానికి రోడ్డు ఉన్నట్టే లెక్క. ఈ 500 మీటర్లు అనేది ఇంజనీర్లు తమ సౌలభ్యం కోసం పెట్టుకున్న కొలతే కావచ్చు. కాని మన పల్లెల్లో ఊరికీ వాడకూ మధ్య తరతరాలుగా పాటించిన ఎడం కూడా సరిగ్గా అంతే కదా! అంటరానితనం కొలిచి పెట్టిన దూరాన్ని ప్రణాళిక వచ్చి దూరమే కాదని కొట్టేసింది. ఆ తర్వాత దళితవాడల్లో సిమెంటు రోడ్లు పడ్డాయి. 2013 సబ్ ప్లాన్ చట్టం వచ్చాక ఇంకొన్ని పడ్డాయి. పోరాడి తెచ్చుకున్న చట్టం అది. అయితే చాలాచోట్ల అవి వాడలో పడ్డ రోడ్లే తప్ప, బస్సు ఊరు దాటి వాడలోకి వచ్చే రోడ్లు కావు.

అర కిలోమీటరే గదా, నడవలేరా అనేవాళ్లున్నారు. నడవగలం. మేము నడిచే పెరిగాం. అయితే ఆ నడక పొలం గట్టున పోయే నడక కాదు, ఊరి నడుమనుంచి పోయే నడక. మా తాతల కాలంలో ఆ దారిన చెప్పులు చేతబట్టుకొని పోయేవారు. మా కాలానికి చెప్పులు కాళ్లకు వచ్చాయిగాని, అరుగులమీది చూపులు పోలేదు. "ఏందిరా, పట్నం చదువా?" అని ఒకరు, చేతిలో సంచి చూసి "ఏం తెస్తున్నవ్?" అని ఇంకొకరు. కాలేజీనుంచి చీకటిపడ్డాక దిగే ఆడపిల్లకు ఆ అర కిలోమీటరు ఎంత పొడుగో ఆ పిల్లనూ, వాకిట్లో నిలబడి ఎదురుచూసే వాళ్లమ్మనూ అడగాలి. ఊళ్లో పంచాయితీలు అయినప్పుడు, వాడను వెలివేసినప్పుడు మొట్టమొదట మూతపడేది కూడా ఈ దారే. బస్సు రోజూ టైముకు వస్తూనే ఉంటుంది, ఎక్కడానికి పోయే తోవ ఉండదు. అంటే రవాణా సౌకర్యం బస్సు మెట్టు దగ్గర మొదలు కాదు, గడప దగ్గర మొదలవుతుంది.

ప్రయాణానికీ కులానికీ ఉన్న ఈ ముడిని అంబేద్కర్ చిన్ననాడే చూశారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అన్న ఆత్మకథా శకలంలో ఆయన రెండు ప్రయాణాల గురించి రాశారు. మొదటిది 1901లో, తండ్రి ఉద్యోగం చేస్తున్న చోటికి పోవడానికి పిల్లలు మసూర్ స్టేషన్లో దిగినప్పటిది. మహర్లని తెలియగానే బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకరు ఒప్పుకున్నారు. అదికూడా బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడన్న షరతు మీద. రెండోది 1929లో చాలీస్‌గావ్‌లో జరిగింది. అప్పటికి ఆయన బారిస్టరు, అంటరానివారి బాధలను విచారించడానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. అయినా టాంగావాలాలు ఆయన్ని ఎక్కించుకొని బండి తోలడానికి ఒప్పుకోలేదు. టాంగా మాత్రం కిరాయికి ఇచ్చారు. తోలడం రాని మహర్ యువకుడొకరు పగ్గాలు పట్టుకున్నాడు. కల్వర్టు మీద టాంగా దెబ్బతిని అంబేద్కర్ కిందపడ్డారు, కాలు విరిగింది.

ఈ రెండు సంఘటనల్లోనూ బండి దొరికింది, డబ్బుకు లోటు లేదు. దొరకనిది తోలేవాడు. ప్రజా రవాణా అనే మాటలో 'ప్రజా' ఎందుకుండాలో చెప్పడానికి ఇంతకుమించిన ఉదాహరణ మాకు దొరకలేదు. బండి ఎవరిది, తోలేవాడు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నలు తేలకుండా రవాణా నాణ్యత గురించి మాట్లాడటం దండగ.

మోటారు బస్సులు వచ్చాక కూడా ఇదే తంతు కొంతకాలం నడిచింది. మద్రాసు రాష్ట్రంలో ప్రైవేటు బస్సుల యజమానులు ఆదిద్రావిడులను ఎక్కించుకునేవారు కాదు. ఆత్మగౌరవ ఉద్యమ నాయకుడు డబ్ల్యూ.పి.ఎ. సౌందరపాండియన్ రామనాథపురం జిల్లా బోర్డు అధ్యక్షుడుగా ఉండగా, అట్లా నిరాకరించే బస్సుల లైసెన్సులు రద్దు చేస్తానని ఉత్తర్వు ఇచ్చాడు. స్వాతంత్ర్యం తర్వాత 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం - ఇప్పటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం - ప్రజా వాహనాల్లో ఎక్కనీయకపోవడాన్ని నేరం చేసింది. అంత పెద్ద చట్టంలో బండి గురించి విడిగా రాయవలసి వచ్చిందంటేనే అప్పటి పరిస్థితి అర్థమవుతుంది.

తెలుగు ప్రాంతాల్లో బస్సు రెండు దారుల్లో వచ్చింది. నైజాంలో 1932లో ప్రభుత్వమే రైల్వే శాఖ కింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. కోస్తాలో, రాయలసీమలో మాత్రం అది చాలాకాలం ప్రైవేటు ఆసాముల వ్యాపారం. బస్సు కొనే పెట్టుబడి ఎక్కడిది? ఎక్కువ భాగం భూమిది. కాలువ కింద మాగాణి ఉన్నవాడికి మిల్లు వచ్చింది, సినిమా హాలు వచ్చింది, బస్సు వచ్చింది. భూమి లేనివాడికి బస్సెక్కడిది? అతను దాంట్లో క్లీనరన్నా కాగలిగితే గొప్ప.

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడి, కృష్ణా జిల్లా రూట్లను జాతీయం చెయ్యబోతే యజమానులు సుప్రీంకోర్టుకు పోయారు. అభ్యంతరాలు విన్నది రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శే కాబట్టి ఆ విచారణ చెల్లదని అదే సంవత్సరం కోర్టు పథకాన్ని కొట్టేసింది. లా చదివే మన పిల్లలకు ఇది గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా తెలుసు. అందులో సహజ న్యాయసూత్రాలు నేర్చుకుంటారుగాని, అది బస్సు యజమానుల కేసని ఎవరూ విడమర్చి చెప్పరు. కర్నూలు జిల్లా రూట్ల వ్యవహారం ఇంకా పెద్దదయింది. రాజకీయ ప్రత్యర్థుల రూట్లను ముందు దెబ్బతియ్యడానికే ముఖ్యమంత్రి ఆ జిల్లాను ఎంచుకున్నారని ఆరోపణ. ముఖ్యమంత్రి దానికి ప్రమాణపత్రం ద్వారా జవాబివ్వలేదని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. నీలం సంజీవరెడ్డి 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. బస్సు రూటు కోసం ఒక ముఖ్యమంత్రి పదవి పోయిన రాష్ట్రం మనది. రూటు అంటే వట్టి దారి కాదు, ఆధిపత్యం అని ఆధిపత్య కులాలకు ఎప్పుడో తెలుసు.

ఆర్టీసీని మేము ఆకాశానికి ఎత్తదలచుకోలేదు. "ముందుకు జరుగు" అన్న కండక్టర్ గొంతులో కులం పలికిన సందర్భాలు మాకూ తెలుసు. ఊరి పెద్దమనిషి ఎక్కగానే సీటు వదిలి లేచి నిలబడ్డ మా పెద్దలూ తెలుసు. రాత్రిపూట ఊళ్లో ఆగే నైట్ హాల్ట్ బస్సు ఎవరి ఇంటిముందు ఆగుతుందో, డ్రైవర్ కండక్టర్లకు పడుకోవడానికి ఎవరి వసారా దొరుకుతుందో, పొద్దున్నే తొలి బస్సులో కిటికీ సీటు మీద తువ్వాల ఎవరిది ఉంటుందో మీరే చూసి ఉంటారు. ఇవన్నీ ఒప్పుకుంటూనే ఒక మాట చెప్పాలి. పల్లెలోకి వచ్చిన చక్రాల బండ్లలో ఊరి ఆసామిది కానిది ఆర్టీసీ బస్సు ఒక్కటే. ఎడ్లబండి ఆసామిది, ట్రాక్టర్ ఆసామిది, జీపు ఆసామి బామ్మర్దిది. ఈ బస్సుకు మాత్రం టికెట్టు కొంటే చాలు, ఎవరి దయా అక్కర్లేదు. "దిగు" అనే అధికారం ఊరికి లేదు. పైగా ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి రిజర్వేషన్ ఉంది. వాడలోంచి డ్రైవర్లొచ్చారు, కండక్టర్లొచ్చారు, డిపో గ్యారేజీల్లో మెకానిక్కులొచ్చారు. చాలీస్‌గావ్‌లో దొరకని తోలేవాడు మన వాడలోంచే ఖాకీ చొక్కా వేసుకొని వచ్చాడు. ఆ జీతంమీద చదువుకున్న పిల్లలు ఇవాళ విశ్వవిద్యాలయాల్లో మాకు తోటివారు.

అందుకే బస్సు తగ్గిపోతుంటే మాకు భయం. ఎందుకు తగ్గుతుందో తెలుసుకోవాలంటే డిపో లెక్క తెలియాలి. ఒక రూటు ఉండాలా పోవాలా అన్నది డిపోలో రెండు అంకెలు చెబుతాయి. ఒకటి, బస్సు తిరిగిన ఒక్కో కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందనేది. దీన్నే ఈపీకే అంటారు. రెండోది, సీట్లు ఏ మేరకు నిండాయనే ఆక్యుపెన్సీ రేషియో. ఈ అంకెలు పడిపోతే ముందు మధ్యాహ్నం ట్రిప్పు పోతుంది, తర్వాత నైట్ హాల్ట్ పోతుంది, చివరికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మిగులుతాయి. మెయిన్ రోడ్డు మీద స్టేజీ దాకా బస్సులు వరసబెట్టి పోతుంటాయి, లోపలికి మూడు నాలుగు కిలోమీటర్లు రావు. బస్సు సరిగ్గా రాదని జనం ఆటో ఎక్కుతారు, జనం ఆటో ఎక్కుతున్నారని బస్సు తీసేస్తారు. ముందు ఏది జరిగిందని డిపో మేనేజర్ని అడిగితే జనాన్ని చూపిస్తాడు, జనాన్ని అడిగితే డిపోను చూపిస్తారు. పట్నం రూట్లలో వచ్చే మిగులును పల్లె రూట్లకు మళ్లించడం, మిగిలిన నష్టం ప్రభుత్వం భరించడం అనేది ప్రభుత్వ సంస్థ పెట్టుకోవడంలోని అసలు ఉద్దేశం. ఒక్కో రూటునూ విడగొట్టి లాభనష్టాలు చూడటం మొదలుపెడితే ఆ ఉద్దేశం అక్కడే చచ్చిపోతుంది.

మిగిలిన ఆ ఒకటి రెండు ట్రిప్పులైనా ఎవరి టైముకు నడుస్తాయి? ఆఫీసు టైముకు, బడి టైముకు. వాడలో ఎక్కువమంది కూలికి పోయేవాళ్లు. నాట్లకు, పత్తి ఏరడానికి, మిరప కొయ్యడానికి పొరుగూళ్లకు పోవాలి. తెల్లారి వంట చేసుకొని సద్ది కట్టుకొని బయల్దేరే టైముకు బస్సుండదు, పొద్దుగూకి వచ్చేటప్పుడూ ఉండదు. పోయే చేను బస్సు రూటు మీద ఉండదు. అందుకని ముఠామేస్త్రి ఆటో మాట్లాడతాడు, లేదా ఆసామి ట్రాక్టర్ పంపుతాడు. నలుగురు పట్టే ఆటోలో పదిహేనుమంది. బండి మళ్లీ ఆసామి చేతికి పోయింది! 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ కాల్వలో పడి తొమ్మిదిమంది ఆడవాళ్లు చనిపోయారు. వాళ్లు తండావాళ్లు. ఆ ఏడే జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర ఇంకో ట్రాక్టర్ మూసీ కాల్వలో పడి 15 మంది పోయారు, వాళ్లలోనూ దాదాపు అందరూ ఆడవాళ్లే. పేపర్లు డ్రైవర్ నిర్లక్ష్యం అని రాశాయి. ట్రాక్టర్ తొట్టిలో మనుషులు ఎందుకు కూర్చోవలసి వచ్చిందని ఎవరూ అడగలేదు. అదే సంవత్సరం సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సే లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కినవాళ్లు వందమందికి పైనే. బస్సు లేని చోట ట్రాక్టర్, ఉన్నచోట రెండు బస్సుల జనం ఒక్క బస్సులో.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దీన్ని ఎగతాళి చేసే అగ్రవర్ణ మధ్యతరగతితో మేము గొంతు కలపబోము. పుట్టింటికి, ఆసుపత్రికి, కోర్టు వాయిదాకు మొగుడి జేబు వైపు చూడకుండా పోగలగడం చిన్న సంగతి కాదు. రోజూ టౌనుకు పోయి పాచిపని చేసుకునే మనిషికి నెల తిరిగేసరికి మిగిలే డబ్బు చిన్నది కాదు. కాని జీరో టికెట్ బస్సులోనే ఇస్తారు, బస్సే లేనిచోట దాన్ని ఎక్కడ తీసుకోవాలి? మెయిన్ రోడ్డు మీద ఊరున్న ఆమెకు ఈ పథకం ఎంత అందిందో, స్టేజీకి నాలుగు కిలోమీటర్ల లోపల వాడలో ఉన్న ఆమెకు అంత అందలేదు. ఆమె స్టేజీ దాకా ఆటోకు డబ్బులిచ్చే పోతుంది. ఆ ఆటో నడిపేదీ చాలాచోట్ల మనవాడ కుర్రాడే. డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, ఫైనాన్సులో ఆటో తీసుకున్నవాడు. గిరాకీ పోయిందని ఆటో సంఘాలు ధర్నాలు చేశాయి. అక్కా తమ్ముళ్లను ఎదురెదురుగా నిలబెట్టకుండా, స్టేజీ నుంచి వాడకు పోయే ఆ ఆటోలను కూడా ప్రజా రవాణాలో భాగం చేసుకునే ఏర్పాటు ఆలోచించాలి.

పట్నంలో అర కిలోమీటరు వేరే రూపంలో కనిపిస్తుంది. హైదరాబాదులో మెట్రో 2017 నవంబర్‌లో మొదలై మియాపూర్, ఎల్బీనగర్, నాగోల్, రాయదుర్గం దాకా నడిచింది. పాతబస్తీలో ఫలక్‌నుమా దాకా పోవలసిన లైను ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. 2024 మార్చిలో మళ్లీ శంకుస్థాపన చేశారు. ఐటీ కారిడార్‌కు పోయే ఉద్యోగికి ఏసీ పెట్టె దొరికింది. ఆ ఉద్యోగి ఆఫీసు ఊడ్చే మనిషి సిటీ ఆర్డినరీ బస్సు కోసం నిలబడి ఉంది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ బస్సు ప్రయాణికులు సరిగ్గా ఈ వాదంతోనే - శ్వేతజాతి శివార్లకు రైలు, నల్లవారికీ లాటినోలకూ కిక్కిరిసిన బస్సులూ అని - 1994లో కోర్టుకు పోయి, 1996లో కొత్త బస్సులు, చౌక పాసులు వచ్చేట్టు ఒప్పందం సాధించుకున్నారు. మన నగరాల్లో అట్లాంటి ఉద్యమం ఇంకా రాలేదు.

మన పొరుగున తమిళనాడులో బస్సులు తరచుగా, చౌకగా తిరుగుతాయని అందరూ మెచ్చుకుంటారు. నిజమే. కాని 1997లో అక్కడి ప్రభుత్వం ఒక రవాణా సంస్థకు దళిత వీరుడు వీరన్ సుందరలింగం పేరు పెడితే, ఆ పేరున్న బస్సు ఎక్కమని ఆధిపత్య కులాలు దక్షిణ జిల్లాల్లో గొడవలకు దిగాయి. చివరికి ప్రభుత్వం జిల్లాలకూ రవాణా సంస్థలకూ ఉన్న నాయకుల పేర్లన్నీ తీసేసింది. 2021లో వచ్చిన 'కర్ణన్' సినిమా కథకు మూలం దళిత ఊరి దగ్గర బస్సు ఆగకపోవడమే. ఎన్ని బస్సులున్నాయి, ఎంత తరచుగా తిరుగుతాయి అన్న లెక్కలో మంచి మార్కులు తెచ్చుకున్న రాష్ట్రం కథ ఇది.

ఉద్యోగాల సంగతి కూడా చెప్పాలి. తెలంగాణలో 2019 అక్టోబర్, నవంబర్ నెలల్లో దాదాపు 48 వేలమంది కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగుల్ని ప్రభుత్వంలో కలుపుకున్నారు. అయితే రెండుచోట్లా అద్దె బస్సులు ఉన్నాయి, ఎలక్ట్రిక్ బస్సులు ఒప్పందం మీద వస్తున్నాయి. బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీవాడు, టికెట్టు మాత్రం ఆర్టీసీది. పైన రంగు అదే, బోర్డు అదే. స్టీరింగ్ దగ్గర రిజర్వేషన్ లేదు. సంస్థను అమ్మకుండానే ప్రైవేటుపరం చెయ్యొచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ వ్యాసం చదివే టీచర్లు, విద్యార్థులు తమ గ్రామాల్లో ఈ సంగతులు సేకరిస్తే బాగుంటుంది. పెద్ద ఖర్చు కాదు. వాడ చివరి ఇంటినుంచి బస్సు ఆగే చోటికి ఎన్ని అడుగులో కొలవాలి. ఆ దారి ఎవరెవరి ఇళ్లముందునుంచి పోతుందో గీసుకోవాలి. కూలికి పోయే టైమూ బస్సు టైమూ పక్కపక్కన రాయాలి. ఆర్నెల్లలో ఎన్ని ట్రిప్పులు రద్దయ్యాయో 2005 సమాచార హక్కు చట్టం కింద డిపోను అడగాలి. అన్ని అడిగినా ఆడవాళ్లను అడగకపోతే సగం సంగతే వస్తుంది.

మేము తిరిగిన ఒక గ్రామంలో వాడ యువకులు బస్సును ఇంకో అర కిలోమీటరు పొడిగించమని డిపోకు దరఖాస్తు పెట్టారు. వాడలో బస్సు తిప్పుకోవడానికి జాగా చాలదని జవాబు వచ్చింది. పిల్లలు టేపు పట్టుకొని అంబేద్కర్ విగ్రహం ముందున్న జాగాను కొలిచారు, తర్వాత పోయి ఇప్పుడు బస్సు తిప్పుకుంటున్న పంచాయతీ ఆఫీసు ముందరి జాగానూ కొలిచారు. విగ్రహం ముందరే ఆరడుగులు ఎక్కువ తేలింది. రెండు కొలతలూ రాసి, సర్పంచి సంతకం అడిగి, ఆయన రేపు మాపు అంటుంటే సంతకం లేకుండానే రెండో దరఖాస్తు పంపారు. ఇది రాసేనాటికి దానికి జవాబు రాలేదు.